గుమ్మంలో పాఠం

“ఇక మీ అమ్మాయి మీ దగ్గరికి రావచ్చు పెద్దాయనా” అన్నాడు డాక్టరు. నా సంతోషం ఈ పోస్టుకార్డులో పట్టదు!

గొంతులో గడ్డకని రేడియోధార్మిక మందు మింగించారు. నా ఒంట్లోంచి కిరణాలొస్తాయి, కడుపుతో ఉన్న కూతురు దూరంగా ఉండాలన్నారు. ఒంటరి గదిలో పడుకుని పడుకుని అలిసిపోయాను.

నా బంగారుతల్లి హైస్కూలు టీచరు. రోజూ బడి నుంచి ఈసురోమంటూ వచ్చి గుమ్మంలోనే నిలబడేది.

“రేపు పిల్లలకి చెప్పాలి నాన్నా, విను. కేంద్రకంలో కణాల పొత్తు కుదరకపోతే అది నిలవలేదు, కిరణాలు విసిరి కుదుటపడుతుంది. ఏ కేంద్రకం ఎప్పుడు విసురుతుందో చెప్పలేం గానీ, కొన్నాళ్లకి మొత్తంలో సగం తగ్గుతుంది. మళ్లీ అన్నాళ్లకే మిగిలిన సగంలో సగం.”

“నా మట్టిబుర్రకి ఎక్కలేదమ్మా, మళ్లీ చెప్పు.”

కాళ్లు పీకుతున్నా మళ్లీ చెప్పేది.

ఇవాళ లోపలికొచ్చి, నా చెయ్యి తీసి కడుపు మీద పెట్టుకుంది. బుజ్జిముండ తన్నింది!

“ఆ పాఠం బడిలో ఎప్పుడో అయిపోయింది నాన్నా. నీకు తోడుంటానికే చెప్పాను.”

“నాకూ మొదటిరోజే ఎక్కింది పిచ్చితల్లీ. ఎక్కిందంటే వెళ్లిపోతావని!”