సాక్షుల్లేని పాట

“లేచి నిలబడమ్మా వెర్డీ. బెంచీకి అతుక్కుపోయావా?” అన్నాడు చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ ఏసా కిల్గోర్.

వెర్డీ స్టాలర్డ్ లేచింది. సంఘ విచారణకి ఇంతమంది రావడం ఆ కొండల్లో ఎవరూ చూళ్ళేదు. మొక్కజొన్న చేలల్లో కలుపు మోకాలెత్తున పెరిగినా సరే, అందరూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని మరీ దిగారు. భక్తి అలాంటిది మరి.

నేరం చిన్నదేం కాదు. మొగుడు క్లెల్ ఫిడేలు వాయిస్తుంటే, ఆడబడుచు ఓమా గిటారు మీటుతుంటే, పట్నంలో ఓ మేడగదిలో కంపెనీ వాళ్ళ యంత్రం ముందు నిలబడి వెర్డీ దేవుడి ఊసులేని లోకపు పాటలు పాడొచ్చిందట. అవిప్పుడు గ్రామఫోను ప్లేట్లయి వర్జీనియా అంతా తిరుగుతున్నాయట. మొగుడూ ఆడబడుచూ బాప్తిస్మం తీసుకోని మనుషులు, వాళ్ళతో సంఘానికి పనిలేదు. వెర్డీ సభ్యురాలు. నేరం రుజువైతే వెలి. వెలిపడితే చర్చి వెనక సమాధుల్లో చోటుండదు. రెండేళ్ళకే పోయిన ఆమె కొడుకు అక్కడున్నాడు. వాడి పక్కన తనకోసం కాస్త నేల అట్టేపెట్టుకుంది. ఆ సంగతి ఏసాకి తెలుసు. తెలిసే ఇంత హుషారుగా ఉన్నాడు.

ఈ కడుపుమంట ఈనాటిది కాదు. చర్చిలో కీర్తన ఎత్తుకునే పని ఇరవై ఏళ్ళుగా ఏసాదే. అతను ఒక్కో పాదం అంటే జనం అందుకోవాలి. వెర్డీ వచ్చాక జనం అతన్ని వదిలేసి ఆమె గొంతు వెంట పోతున్నారు. వాళ్ళని మాత్రం ఏమనగలం? ఏసా పాడితే తుప్పుపట్టిన తలుపు తీసినట్టుంటుంది.

అతనికి ఒక్కటే చిరాకు. ఫిర్యాదు తను పెట్టాల్సింది. ఎవరో ముందే పాస్టరు పెల్ఫ్రీ చెవిన వేశారు. తీర్పయ్యేదాకా ఆ పేరు పాస్టరు బయటపెట్టకూడదు. ఏసా వేసుకున్న ఎత్తు వేరు. వచ్చే నెల ఏట్లో ఇద్దరు కొత్తవాళ్ళకి బాప్తిస్మం. ఇద్దరూ ఆ ప్లేటు విన్నవాళ్ళే. బాప్తిస్మానికి ముందు విన్నది పాపం కిందికి రాదు, సంఘంలో చేరాక సాక్ష్యానికి పనికొస్తారు. వాళ్ళు మునిగి లేచిన మర్నాడే చెప్పిద్దామనుకున్నాడు. ఏ తొందరపాటు మనిషో నెల్రోజులు ఆగలేకపోయారు. పోనీలే, చేతిలో ప్లేటుంది చాలు అనుకున్నాడు.

“పాడావా తల్లీ?” అనడిగాడు పాస్టరు.

“పాడానండీ.”

ఏసా గడ్డం నిమురుకున్నాడు. “ఒప్పేసుకుందిగా. ఇంకా విచారణ దేనికి?”

“పాడానన్నాను. పాలు పితికేటప్పుడూ పాడతాను. అక్కడ పాడింది లోకపు పాటో దేవుడి పాటో విన్నవాళ్ళని చెప్పమనండి.”

“ఊరంతా వింది.”

“ఊరంతా ఎందుకు డీకన్ గారూ? ఇద్దరు చాలు.”

పాస్టరు నిబంధనల పుస్తకం తెరిచాడు. “ఇద్దరు సభ్యులు, స్వయంగా విన్నవాళ్ళు కావాలి. దీని కిందే ఇంకోటుంది. లోకపు పాట పాడినవాళ్ళకీ విన్నవాళ్ళకీ శిక్ష ఒకటే. పోయినేడు ఏసా గారు పట్టుబట్టి పెట్టించారు. సరే, విన్నవాళ్ళు లేవండి.”

ఒక్కరూ లేవలేదు. పోయిన వారం పోస్టాఫీసు వరండాలో ఆ ప్లేటుకి కాళ్ళాడించిన పాతికమందీ కుక్కిన పేనుల్లా కూర్చుని, ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటున్నారు.

“ఏం, అందరికీ ఒక్కసారే చెవుడొచ్చిందా?” అన్నాడు ఏసా.

“పోనీ మీరు చెప్పండి,” అంది వెర్డీ.

“ఆ దరిద్రం నేనెందుకు వింటాను? నా దగ్గర రుజువుంది.” సంచీలోంచి ప్లేటు తీసి పైకెత్తాడు. “పేరు అచ్చేసుంది, చూడండి.”

వెర్డీ దాన్ని అందుకుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. “కొత్త ప్లేటు నల్లగా నిగనిగలాడుతుంది పాస్టరు గారూ. ఇది బూడిద రంగుకి తిరిగింది. సూది యాభై అరవై సార్లు నడిస్తే గానీ ఇంతలా అరగదు. ఎవరింటిదండీ ఇది?”

ఏసా విన్నది మూడంటే మూడుసార్లు, అదీ రుజువు కోసం. మిగతా అరుగుదల ఎవరి పుణ్యమో తెలియక భార్య డోవీ వైపు చూశాడు. ఆవిడ విసనకర్ర చాటున ముఖం పెట్టుకుని పైకప్పు పరీక్షిస్తోంది.

“ఏసా గారూ, మీరు విన్నారా?” అన్నాడు పాస్టరు.

విన్నానంటే తనూ వెలి, పెళ్ళామూ వెలి.

“దారిలో దొరికింది,” అన్నాడు ఏసా. “వినలేదు.”

దేవుడి ఇంట్లో, పట్టపగలు, బైబిలుకి జానెడు దూరంలో నిలబడి అన్నాడు ఆ మాట.

“సాక్షుల్లేరు. ఫిర్యాదు కొట్టేస్తున్నాం,” అన్నాడు పాస్టరు. “ఒకసారి కొట్టేసింది ఈ సంఘంలో మళ్ళీ ఎత్తకూడదు, రేపు ఎంతమంది వచ్చి చెప్పినా సరే.”

వెర్డీ వెనక తలుపులోంచి కొడుకు సమాధి దగ్గరికి వెళ్ళి, అక్కడ కూలబడి కరువుతీరా ఏడ్చింది. లోపల జనం మాత్రం పెద్ద పాపం తప్పినట్టు ఒకరి చేతులొకరు ఊపుకుంటున్నారు.

ఏసా పాస్టరుని మెట్ల మీద పట్టుకున్నాడు. “నెల ఆగితే చచ్చినట్టు వెలిపడేది. ఇప్పుడా ఇద్దరూ మునిగితే నాకేంటి, తేలితే నాకేంటి? తీర్పయిపోయింది కదా, ఇకనైనా చెప్పండి. బుర్రలేని ఆ ఫిర్యాదు పెట్టిందెవరు? మా డోవీయేనా?”

పాస్టరు టోపీ పెట్టుకున్నాడు.

“వెర్డీయే.”