ఎవరూ తెరవని పెట్టె

"నాలుగు మెయిల్ పెట్టెలా! మన వంటింట్లో డబ్బాలు కూడా ఇన్ని లేవు కదే," అంది అత్తగారు.

"అందుకే అత్తయ్యా, అన్నీ ఒక్కచోట కనబడే ప్రోగ్రాం ఎక్కించాను," అంది కోడలు కంప్యూటర్ ముందు నుంచి. "ఆఫీసుది, ఇంటిది, బ్యాంకుది కలిపేశాను. ఇక నా కాలేజీనాటి పాతది."

అత్తగారు గబుక్కున కంప్యూటర్ దగ్గరికొచ్చింది. "దాన్నెందుకు కదపడం? ఎవరూ తెరవనిదని నువ్వే అన్నావుగా!"

"మీరు అక్షరాలు నేర్చుకున్న కొత్తలో, రాసి అలవాటు చేసుకోండని ఆ అడ్రసే కదూ ఇచ్చాను..."

కోడలు ఆగిపోయింది. తెరమీద అరవై రెండు ఉత్తరాలు బిలబిలా దిగాయి. అన్నీ అత్తగారివే.

"చదవకే!"

కోడలు అప్పటికే మొదలుపెట్టింది. "'కూరలో ఉప్పెక్కువ. ఎదురుగా అంటే నొచ్చుకుంటావని ఇక్కడ అంటున్నాను.' అమ్మ అత్తయ్యా! పైకి మాత్రం ఎంత బుద్ధిమంతులో!"

నవ్వుతూనే తర్వాతది తెరిచింది. ఈసారి పైకి చదవలేదు. అత్తగారికి అది కంఠతా వచ్చు.

'ఫోనులో ఎవరితోనో, మా అత్తయ్య చదువుతారు అన్నావు. ఇంకోసారి అంటావేమోనని తలుపు వెనకే నించున్నాను.'

కోడలు ఆ పాత పెట్టెను ప్రోగ్రాంలోంచి తీసేసింది. "ఇది విడిగానే ఉండనివ్వండి. దీన్నెవరూ తెరవరు."

మర్నాడు భోజనాల వేళకు అత్తగారి ఫోను మోగింది. పాత అడ్రసు నుంచి జవాబు.

'ఉప్పు తగ్గించాను. మా అత్తయ్య చదువుతారు. మా అత్తయ్య చదువుతారు.'

అత్తగారు కళ్లజోడు తుడుచుకుని, కూర రుచి చూసి, ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ అదే పెట్టెకు రాసింది.

'మరీ ఇంత తగ్గిస్తావా?'