గదిలోకి వచ్చిన గుర్రం

“గుర్రాన్ని బయటికి తీసుకెళ్ళింది నువ్వు కాదు, నేను.”

గదిలో గోల ఠక్కున ఆగిపోయింది. ఆ మాటన్నది పిట్ట. ఇన్నేళ్ళలో ఆ పిల్ల గొంతు సరిగ్గా విన్నవాళ్ళు క్లాసులో తక్కువ. హాజరు పిలిచినప్పుడు కూడా పక్కవాళ్ళే “ఉంది టీచర్” అని అందించేవాళ్ళు. అలాంటిది బడికి ఆఖరి రోజున, అందరి ముందూ, లీడరు మాటకి అడ్డం పడింది.

సాయంత్రం అమ్మానాన్నలంతా వచ్చే వీడ్కోలు సభ. పదో తరగతి తరఫున లీడరు మాట్లాడాలి. బల్లలన్నీ గోడవారకు జరిపి, నేలమీద గుండ్రంగా కూర్చున్న వాళ్ళ మధ్య నిలబడి వాడు ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు. “ఆరో తరగతిలో మా గదిలోకి గుర్రం వచ్చిన రోజును ఎవరు మరిచిపోతారు? అందరూ వణికిపోతుంటే నేను దాని తాడు పట్టుకుని...” అన్నదాకా వచ్చాడు.

“నువ్వా?” లీడరు పకపకా నవ్వాడు. “బల్లి కనిపిస్తే బల్లెక్కేదానివి, గుర్రాన్ని పట్టుకున్నావా?”

“పట్టుకున్నాను. తాడేం లేదు దానికి. జూలు పట్టుకుని నడిపించాను.”

“ఆ తెల్ల గుర్రం జూలు నీకందిందా, పిట్టా?”

“తెల్లదేంటి? గోధుమరంగుది కదా!”

“ఏంటర్రా మీరు, అది నల్లది.” బల్లకి చేరగిలబడ్డ కళ్ళద్దాల పిల్ల లేచి కూర్చుంది. “నేను ఆ మూల బల్ల కింద దూరి ఏడుస్తున్నాను. దాని కాళ్ళు నా ముక్కు ముందే ఉన్నాయి. అప్పుడు నువ్వే కదే పిట్టా వచ్చి నా చెయ్యి పట్టుకున్నావ్?”

“నేను కాదే. నేను గుర్రం దగ్గరున్నాను.”

“మరి నా చెయ్యి పట్టుకుందెవరు?”

కళ్ళద్దాల పిల్ల ఒక్కొక్కరి మొహంలోకీ అయోమయంగా చూసింది.

“రంగు సంగతి తర్వాత. ముందు నా అన్నం డబ్బా సంగతి చెప్పండి,” అన్నాడు బొండాం. “మొత్తం నాకేసింది అది. ఆ రోజంతా ఆకలితో చచ్చాను.”

“నీ డబ్బాలో గుర్రానిక్కూడా మిగిలిందంటే అది రెండో వింతరా!” అని ఎవరో అనేసరికి అంతా గొల్లుమన్నారు. పిట్ట మాత్రం నవ్వలేదు.

ఆమెకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. దాని వెచ్చటి ఊపిరి అరచేతికి తగలడం ఇప్పటికీ తెలుస్తోంది. కిందటేడు నాన్నకి ఆపరేషన్ అయిన రోజు, అమ్మ కూలబడిపోతే, డాక్టరు గది ముందు ఒంటరిగా నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది కూడా ఆ గుర్రమే. అంత జంతువునే నడిపించినదాన్ని, ఒక మనిషితో మాట్లాడలేనా అనుకుని తలుపు తట్టింది. ఇప్పుడు అది లీడరు చేసిన పనైతే, ఆ తలుపు తట్టింది ఏ ధైర్యంతో?

“ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చుని, ఈ రోజే గుర్తొచ్చిందా నీకు?” లీడరు మొహం ఎర్రబడింది. “మా అమ్మానాన్నల ముందు నన్ను అబద్ధాలకోరుని చేద్దామనా?”

“నువ్వు చెప్పేది అబద్ధమని నేననలేదు. నేను చెప్పేది నిజమంటున్నాను.”

“రెండూ ఎలా నిజమవుతాయే?”

ఈలోగా మిగతావాళ్ళూ అందుకున్నారు. ఒకడు గుర్రం వెనక గుమ్మంలోంచి వచ్చిందన్నాడు. ఆ గదికి వెనక గుమ్మమే లేదు. ఇంకొకతె దాని వీపు మీద పిల్ల గుర్రం కూడా ఉందంది. పావుగంటలో క్లాసు రెండు ముక్కలై, ఇద్దరు మాటలు మానేసి అటు తిరిగి కూర్చున్నారు. కాసేపట్లో ఫొటో దిగి ఎవరి దారిన వాళ్ళు పోవాల్సిన పిల్లలు!

“లెక్కల టీచర్ని పిలుద్దాం,” అంది కళ్ళద్దాల పిల్ల. “అప్పుడు గదిలో ఆవిడే ఉన్నారు. ఆవిడ అబద్ధం చెప్పరు.”

దానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. తమాషాకి కూడా ఒక అంకె తప్పు పలకని మనిషి ఆవిడ.

టీచరు జాకెట్టు చేతికి అంటిన సుద్ద దులుపుకుంటూ వచ్చింది. లీడరు చెప్పింది విన్నది. బొండాం డబ్బా సంగతి విన్నది. తర్వాత పిట్ట వైపు తిరిగింది.

“నువ్వేం చేశావమ్మా?”

“భయమేసింది టీచర్. కానీ అది నాకన్నా ఎక్కువ బెదిరిపోయి ఉంది. అందుకని మెడ మీద చెయ్యేసి, పద పద అంటూ నడిపించుకెళ్ళాను.” పిట్ట ఒక అడుగు ముందుకేసింది. “నేనే కదా టీచర్?”

టీచరు ఆ పిల్ల దగ్గరికి నడిచింది. ఎప్పుడూ లేనిది, వచ్చి వాళ్ళ మధ్య నేలమీద చతికిలబడింది.

“నువ్వే,” అంది.

“మరి నేను?” లీడరు అదిరిపడ్డాడు.

“నువ్వూను. నల్లదీ నిజమే, తెల్లదీ నిజమే. వాడి డబ్బా నాకిందీ నిజమే.”

“అదెలా టీచర్? లెక్క కుదరట్లేదు కదా!”

“కుదురుతుందిరా,” అంది టీచరు కళ్ళు తుడుచుకుంటూ. “నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, మీ గోల ఆపడం చేతకాక, అందర్నీ కళ్ళు మూసుకోమని, ‘ఇప్పుడు ఈ గదిలోకి ఒక గుర్రం వచ్చిందనుకోండి’ అన్నాను.”