శెట్టి అంగడికి ఆఖరి బేరం

“ఇది ధనియాలు చుట్టిచ్చిన కాగితం రామక్కా. చూడు, కందిపప్పు మూట ఎంతకు పడిందో!”

వాణి ధనియాలను చేటలో పోసి, పొట్లం కాగితాన్ని ఎదురింటి రామమ్మ ముక్కు దగ్గర పెట్టింది. అది నంద్యాల హోల్‌సేల్ వాళ్లు పాండురంగయ్యకు ఇచ్చిన బిల్లు. ఆళ్లగడ్డలోని ఆ వీధికంతా పాండురంగయ్యదే అంగడి. వాళ్ల నాయన పెట్టింది. సరుకు ఎంతకు కొంటాడో ఇన్నేళ్లుగా పొక్కనివ్వని మనిషి, తన గుట్టును తానే పొట్లం కట్టి ఇచ్చాడు.

“వయసైపాయ. కండ్లు కనపడ్తాండాయో లేదో” అంది రామమ్మ జాలిగా. జాలిపడుతూనే బిల్లును రెండుసార్లు చదివింది.

“నాలుగిండ్లోళ్లం కలిసి నంద్యాలలో మూటలే తెచ్చుకుంటే?”

“మరి శెట్టి ఏమైపోతాడే?”

వాణి బిల్లును మడిచి కొంగున కట్టుకుంది. వారం తిరిగేసరికి గుంపులో పదిహేడిళ్లు చేరాయి.

వాణి భర్త హరీష్‌కు సరుకుల ఆటో ఉంది. ఆదివారం పొద్దున్నే నంద్యాల పోయి, పాండురంగయ్య అంగట్లో కునుకు తీసే వేళకు తిరిగొచ్చి మూటలు దించేవాడు. ఆ అరగంటా వీధి వీధంతా మునివేళ్ల మీద నడిచేది. ఒకసారి బియ్యం మూట జారి అంగడి మెట్ల మీదే దబ్బుమని పడింది. పాండురంగయ్య మొహం మీది తుండు కదల్లేదు. మనిషికి ఇంత నిద్ర ఎట్లా పడుతుందో ఎవరికీ అర్థం కాలేదు.

రెండో నెలలో కందిపప్పుకు పురుగు పట్టింది. తప్పు ఎవరిదని పదిహేడిళ్ల వాళ్లూ వాణి వాకిట్లో చేరి జుట్లు పట్టుకున్నంత పని చేశారు. ఇంక గుంపు చెదిరిపోతుందనగా, అటుగా పోతున్న పాండురంగయ్య ఆగాడు.

“ఎండబెట్టకుండా, యాపాకు ఎయ్యకుండా పెట్టుకుంటే పురుగు రాక లక్ష్మీదేవి వస్తాదా? యాపారమంటే ఏమనుకున్యారు?” అని కసిరి పోయాడు.

“ఎంత కడుపుమంటో చూడు” అంది వాణి. మర్నాడు అందరూ పప్పు ఎండబెట్టి వేపాకు వేశారు.

ఆ తర్వాత తూకం దగ్గర గొడవ. వాణి ఇంట్లోని చిన్న కాటాను ఎవరూ నమ్మలేదు. ఈసారి పాండురంగయ్య తన కాటానే మోసుకొచ్చి ఆమె అరుగు మీద పెట్టాడు.

“ఆడ తూచించుకునేటోళ్లు ల్యారు. నాకు పాత తక్కెడ చాలు” అన్నాడు.

వాణికి తలెత్తబుద్ధి కాలేదు. ఒక మనిషి నోటి దగ్గర కూడు లాక్కుంటున్నామని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా తక్కువ ధరకు అలవాటు పడిన వీధిని ఆపడం ఆమె తరం కాలేదు.

చివరికి ఆ అంగడికి మిగిలిన బేరం రంగమ్మ ఒక్కతే. ఒంటరి ముసలామె. దినానికి పావుకిలో బియ్యం, పిడికెడు పప్పు.

“మాతో చేరు అవ్వా, అగ్గవగా, తక్కువ ధరకే వస్తాది” అంది వాణి.

“నా మొగుడు సచ్చినప్పుడు మీరంతా మొగం చాటేస్తిరి. నాకు బియ్యం కొలిచింది ఆ శెట్టే. నా పానం ఉన్నంతదాకా ఆ అంగడే.”

రంగమ్మ ఒక్కదాని కోసం అంగడి పొద్దున ఆరుకే తెరుచుకునేది. ఖాళీ డబ్బాల మధ్య పాండురంగయ్య మోకాళ్లు రుద్దుకుంటూ కూచునేవాడు. చూసినవాళ్లు తల తిప్పుకుని పోయేవాళ్లు.

నాలుగో నెలలో ఆయన రంగమ్మకు ముక్కిన బియ్యం ఇచ్చాడు.

“ఏందీ శెట్టీ, వాసనొస్తాండాయి?”

“పావుకిలోకు ఇంతకన్నా మంచివి యాడ తెచ్చేది? ఇష్టం లేకుంటే ఆ వాణి కాడికి పో.”

మర్నాడు బెల్లంలో చీమలు. ఆ మర్నాడు ఆమె మెట్టెక్కుతుండగానే “మళ్లా వచ్చినావా?” అన్నాడు.

రంగమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ నేరుగా వాణి ఇంటికొచ్చింది. “నన్నూ చేర్చుకో మ్మేయ్. మనిషి మారిపాయ.”

మరుసటి రోజు అంగడి తెరుచుకోలేదు.

ఎనిమిదైనా మూసి ఉన్న తలుపులు చూసింది వాణి. రామమ్మను వెంటబెట్టుకుని, అంగడి వెనకే ఉన్న పాండురంగయ్య ఇంటికి పరుగెత్తింది. వాకిట్లో రెండు సంచులున్నాయి. ఆయన భార్య మహానందమ్మ తలుపుకు తాళం వేస్తోంది.

ఊరొదిలి పోతున్నారు! వాణి మెట్ల మీదున్న పాండురంగయ్యకు చేతులు జోడించింది.

“శెట్టిగారూ, తప్పయిపాయ. గుంపు ఈ దినమే ఎత్తేస్తాం. రేపట్నుంచి అందరం మీ అంగడికే వస్తాం. ఒట్టు.”

పాండురంగయ్య చేతిలోని గొడుగు కింద పడింది.

“అంత పని చేయొద్దు తల్లీ!”

“యాడికి పోతాండారక్కా?” అని అడిగింది రామమ్మ.

“యాగంటికి” అంది మహానందమ్మ. “పెండ్లయిన కాడ్నుంచి అడుగుతాండా. ఆడ రాతి బసవన్న పెరిగి పెరిగి అంతయినాడు గానీ, ఈయప్ప అంగడి దిగల్యా.”

“ఎట్ల దిగేది? బేరానికొచ్చే మనిషి ఒక్కరున్నా అంగడి మూయొద్దని మా నాయన పొయ్యేటప్పుడు మాట తీసుకున్యాడు” అన్నాడు పాండురంగయ్య.

వాణి, రామమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన గొడుగు తీసుకుని, మెల్లగా ఒక్కో మెట్టే దిగి, వాణి దగ్గర ఆగాడు.

“రంగమ్మకు పాతబియ్యం చూసి ఇయ్యండమ్మా. కొత్తవి ఆమెకు అరగవు.”

“అట్లనే” అంది వాణి, ఇంకా ఏమీ అర్థంకాక.

“ఆమెను మాన్పించేసరికే నా తలప్రాణం తోకకొచ్చింది.”