బతికే దారి

"ఈసారి సంతోషంగా చెప్పమ్మా. నీ భర్త బతికాడు," అన్నాడు డాక్టర్ కిరీటి.

తెనాలిలో జూనియర్ డాక్టర్ల శిక్షణ కోసం ఆయన కంప్యూటర్లో ఒక రోగిని తయారుచేస్తున్నాడు. గుండెనొప్పితో వచ్చిన జాలరి. కథకు రెండు దారులు: సరైన వైద్యం చేస్తే బతుకుతాడు, లేకపోతే పోతాడు. అతని భార్య గొంతు కోసం రేపల్లె నుంచి చేపలమ్మే మస్తానమ్మను పిలిపించారు. భర్త పోయినప్పటి ఏడుపు అప్పటికే రికార్డయింది.

"ఏం చేస్తే బతుకుతాడండి?" అడిగింది మస్తానమ్మ.

"రాగానే ఈసీజీ తీయాలి. గ్యాస్ అనుకుని మాత్రలిచ్చి ఇంటికి పంపేస్తే పోతాడు."

ఆమె భర్త దానయ్యకు నిరుడు రేపల్లె ఆసుపత్రిలో గ్యాస్ మాత్రలిచ్చి పంపింది ఈయనే. మర్నాడు శవాన్ని చూసి, "ఎవరున్నా బతికించలేకపోయేవారమ్మా," అన్నదీ ఈయనే. ఆ మాటతోనే ఆమె ఇన్నాళ్ళూ గుండె చిక్కబట్టుకుంది. ఈయనకు ఆమె మొహమే గుర్తులేదు.

"మరి మా ఆయన్ని ఇంటికెందుకు పంపారండీ?" మస్తానమ్మ భోరుమంది. "ఆ ఈసీజీ తీస్తే మీకేం పోయేది బాబూ!"

కిరీటి హెడ్‌ఫోన్స్ తీసి తృప్తిగా నవ్వాడు.

"అద్భుతంగా వచ్చిందమ్మా! దీన్ని చనిపోయే దారిలో పెడదాం. కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టు."