పసుపు రాసిన పిల్లి

పిల్లిని ఎవరో ఎత్తుకుపోయారని ఇంట్లో అడుగుపెట్టిన రోజే విక్టోరియా తేల్చేసింది.

“కుక్క ఉంది, పిల్లి నేదు. డా ఖిన్ ఖిన్ రెండూ ఉన్నాయనే కదండీ సెప్పింది?”

దేవసహాయం మంచాల కిందా బీరువాల వెనకా వెతికి, ఒళ్ళంతా బూజుతో బయటికొచ్చాడు. “ఎక్కడా నేదే,” అన్నాడు దిగులుగా.

బర్మా రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన తెలుగాయన దేవసహాయం, ఆయన భార్య విక్టోరియా నిన్నటి దాకా ఊరి శివారు పేట లైంగ్‌థార్యార్‌లో అద్దె గదిలో ఉండేవారు. సైన్యం గద్దెనెక్కాక అక్కడ రోజూ కాల్పులే. అప్పుడే చర్చి పాస్టరుగారు ఈ పని కుదిర్చారు. డా ఖిన్ ఖిన్ (‘డా’ అంటే అక్కడ ‘గారు’) అనే ఒంటరి ఆవిడ బ్యాంకాక్ వెళ్ళి, విమానాలు లేక అక్కడే చిక్కుకుపోయింది. ఆవిడ వచ్చేదాకా ఇంటికి కాపలా ఉండాలి, కుక్కకూ బంగారు రంగు పిల్లికీ తిండి పెట్టాలి. ఆవిడను వీళ్ళు ఎన్నడూ చూడలేదు, ఫోన్లో గొంతు విన్నారంతే.

వీధి చివరి ఇల్లు, ఆకుపచ్చ గేటు, పూలకుండీ కింద తాళంచెవి అని గుర్తులు చెప్పింది. వీధి మొగలో కుర్రాళ్ళు ఇసుక బస్తాలు అడ్డం వేసి ఉండటంతో, దంపతులు చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి వీధిలోకి వచ్చారు. చివరి ఇల్లు, ఆకుపచ్చ గేటు, కుండీ కింద తాళంచెవి. అన్నీ చెప్పినట్టే ఉన్నాయి, పిల్లి తప్ప.

“ఆవిడొచ్చి పిల్లేదంటే ఏటి సెప్తాం? పొమ్మంటే మళ్ళీ ఆ తుపాకుల మజ్జికే పోవాల,” అంది విక్టోరియా.

దేవసహాయం అహ్లోన్ రేవుకు పోయి, పాత బియ్యం మిల్లుల దగ్గర తిరిగే పిల్లుల్లో ఒకదాన్ని గోనెసంచిలో పట్టుకొచ్చాడు. చేతుల నిండా గోళ్ళ గీతలు.

“తెల్లదాన్ని తెచ్చేరేటండీ? ఆవిడది బంగారు రంగు కదా!”

“మిగతావి దొరకలేదే. ఇది ముసిల్ది, పరిగెత్తలేకపోనాది.”

విక్టోరియా వంటింట్లోంచి పసుపు తెచ్చి, కొబ్బరినూనెలో కలిపి పిల్లికి పట్టించింది. చూడటానికి బంగారంలాగే ఉంది. కాకపోతే అది పొద్దస్తమానం ఒళ్ళు నాకేసుకునేది. మళ్ళీ రాయాల్సి వచ్చేది. ఇంట్లో కుర్చీలూ దిండ్లూ దేవసహాయం లుంగీలూ అన్నీ పచ్చబడ్డాయి.

ఒక మధ్యాహ్నం పెరటి గోడ దూకి ఓ మనిషి వచ్చాడు. టోపీ, మాస్కు. కుక్క మొరగాల్సింది పోయి, వెల్లకిలా పడుకుని తోకాడించింది.

విక్టోరియా చేతికందింది సత్తు గిన్నె. రోజూ సాయంత్రం ఊరందరితో పాటు సైన్యం మీద కోపంతో వాయించి వాయించి సొట్టలు పోయిన గిన్నె అది. దానితో దొంగ నెత్తిన ఒక్కటిచ్చింది. అతను తేరుకునేలోగా ఇద్దరూ కలిసి బాత్రూములోకి తోసి గడియ పెట్టేశారు.

“ఇది నా ఇల్లు!” అని లోపల్నుంచి బర్మా భాషలో అరిచాడు.

“ఇల్లు డా ఖిన్ ఖిన్‌ది,” అంది విక్టోరియా కూడా ఆ భాషలోనే.

“డా ఖిన్ ఖిన్ ఎవరు?”

విక్టోరియా మొగుడి వైపు తిరిగింది. “సూసినారా? ఇంటావిడ పేరే తెలీదు, ఈడికి ఇల్లట!” మళ్ళీ తలుపు వైపు తిరిగి, “పిల్లినేం చేశావ్?” అని గద్దించింది.

“ఏ పిల్లి? నాకు పిల్లే లేదు!”

“విన్నారా? అమ్మీసినాడు.”

సైన్యం చేతిలో ఉన్న వార్డు ఆఫీసుకు కబురు పెడతానని దేవసహాయం బెదిరించాడు. లోపల గొంతు ఒక్కసారిగా దిగిపోయింది.

“వద్దు బాబాయ్, దండం పెడతాను. నా పేరు సోయ్ విన్. బ్యాంకులో పని మానేసి సమ్మెలో చేరాను. నాకోసం వెతుకుతున్నారు. దొరికితే ఇన్సేన్ జైలే.”

దేవసహాయం మనసు కరిగిపోయింది. “మన పచ్చం కుర్రాడే. ఒగ్గేద్దామేటి?”

“సమ్మె సేసినోడు పిల్లుల్ని ఎత్తుకుపోవచ్చేటండీ?”

చివరికి ఇద్దరూ ఒక మాటకొచ్చారు. సైనికులకు మాత్రం పట్టివ్వకూడదు. ఇంటావిడ ఫోన్లో దొరికేదాకా వదలనూ కూడదు. బాత్రూము కిటికీలోంచి అన్నం, చేపల పులుసు అందించారు. “దొంగిలకూడదు అని దేవుడు చెప్పాడు నాయనా,” అని విక్టోరియా తలుపు బయట కూర్చుని ప్రార్థన చేసింది. సోయ్ విన్ పులుసు మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.

“ఆ కుళాయి ఎడమకి తిప్పితేనే నీళ్ళు ఆగుతాయి పిన్నీ,” అన్నాడు చేతులు కడుక్కుంటూ.

“ఈడు ఎన్నాళ్ళ బట్టి కన్నేసినాడో సూడండి,” అంది విక్టోరియా గుండెలు బాదుకుని.

సైన్యం ఇంటర్నెట్ కత్తిరించిన దగ్గర్నుంచీ బ్యాంకాక్‌కు మాట కలవడమే లేదు. మర్నాడు పొద్దున మాత్రం ఫోన్ దానంతటదే మోగింది. డా ఖిన్ ఖిన్!

విక్టోరియా ఆవిడను మాట్లాడనివ్వలేదు. “అమ్మా, దొంగని పట్టుకున్నాం! బాత్రూంలో పెట్టి గడియేశాం. మీకేం బెంగ వద్దు. మీ ఇల్లు పదిలం, మీ కుక్క పదిలం, మీ పిల్లి కూడా బంగారంలా ఉంది!”

చివరికి ఆవిడ అడ్డం వచ్చింది.

“మా కుక్కకీ పిల్లికీ ఇన్నాళ్ళూ తనే తిండి పెడుతున్నాననీ, మీరసలు రానేలేదనీ పక్కింటామె ఇప్పుడే చెప్పిందండీ. ఇంతకీ మీరు ఎవరింట్లో ఉన్నారు?”