వీపు చూపని మాస్టారు

"నల్లబల్లలు ఇంక మ్యూజియానికి పంపించేయండి మేడమ్. నా ఫోనే బోర్డు," అన్నాడు ఫ్రెడ్డీ.

హెడ్‌మిస్ట్రెస్ ఎలిశబెతు అతని ఫోన్ వంకా, గోడకున్న పెద్ద టీవీ వంకా చూసింది. ఆ టీవీ బడికి వచ్చి రెండేళ్ళయింది. ఉప్పుగాలికి పాడవకుండా తన పాత చీరతో దానికి గలీబు కుట్టించింది ఆవిడే. ఫ్రెడ్డీ ఆ గలీబును రెండు వేళ్ళతో ఊడదీసి బల్లకింద పడేశాడు.

"మంచిదే నాయనా. మా పిల్లకాయలు మాత్రం బోర్డు మీద ఏముంటే అది రాసేసుకుంటారు. చెరిపేసేలోపల రాసుకోవాలని అలవాటు చేసినాం. కాస్త నిదానంగా చెప్పు," అని ఆవిడ ఆఫీసు గదికి వెళ్ళిపోయింది.

ఫ్రెడ్డీ జాలిగా నవ్వుకున్నాడు. చూసి రాసుకునే కాలం ఎప్పుడో పోయిందని ఈవిడకెవరు చెప్పాలి?

అతను కావలిలో బీఎడ్ చదువుతున్నాడు. వెబ్ పరికరాలతో బోధించే పేపర్లో క్లాస్ ఫస్టు. అయినా పోయినేడు బడిలో పాఠం చెప్పి చూపించే ఆఖరి పరీక్షలో లెక్చరర్ విజయభాస్కర్ అతన్ని ఫెయిల్ చేశాడు. గంటసేపూ పిల్లలకు వీపు పెట్టి తెరతో మాట్లాడాడని కారణం రాశాడు. ఇవాళ మళ్ళీ అదే పరీక్ష, వచ్చి మార్కులేసేదీ ఆయనే. సముద్రపు ఒడ్డున ఈ పల్లె బడిలో, ఎనిమిదో తరగతికి. ఇదీ పోతే బీఎడ్ మీద ఆశ వదులుకోవలసిందే.

అందుకే ఫ్రెడ్డీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈసారి చచ్చినా టీవీ వైపు తిరగడు.

పాఠం ఆటుపోట్లు. ఫోన్‌ని టీవీకి కలిపి, ఫోన్లో ఏముంటే అదే తెర మీద కనబడేలా చేసి వీడియో పెట్టాడు. ఏ దేశానిదో నీలం సముద్రం ఉప్పొంగింది. కిటికీలోంచి చూస్తే అసలు సముద్రమే కనబడుతుంది. వెలుతురు పడితే తెర సరిగా కనబడదని ఆ కిటికీ మూయించాడు.

"పున్నమి రోజు పోటు ఎక్కువ. అర్థమైందా?"

ముందు బెంచీలో జబీనా లేచింది. "అమాసకి గూడా ఎక్కువే సార్. మా నాయన పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. అమాస వస్తే ఒడ్డున ఉండే సామానంతా పైకి మోసుకుంటాడు."

"మీ నాయన ఏ వెబ్‌సైట్లో చూసినాడమ్మా?"

క్లాసు నవ్వింది. జబీనా కూర్చుంది.

వీడియో అయిపోయాక అయిదు లైన్ల ముఖ్యాంశాలు పెట్టాడు. "రాసుకోండి. పెద్దసారొచ్చి మీ నోట్సులే చూస్తారు."

ముప్పై తలలు వంగాయి. ఫ్రెడ్డీ బల్లకు జారగిలబడ్డాడు. మొహం పిల్లల వైపే. బొటనవేళ్ళు మాత్రం ఫోన్ మీద. కోవూరులో ఇలాగే పాఠం చెప్పడానికి వెళ్ళిన తన క్లాస్‌మేట్ తహీర్‌తో ఊసుపోక కబుర్లు. మొదటి మెసేజీ కొట్టాడు.

"అడివిలో పడినాన్రా. ఇక్కడి హెడ్‌మిస్ట్రెస్ టీవీకి చీర కట్టి పెట్టింది, అత్తగారింటికి పంపేటట్టు."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏంది నవ్వు? రాయండి!"

తహీర్ మూడు నవ్వే మొహాలు పంపించాడు. ఫ్రెడ్డీ మళ్ళీ అందుకున్నాడు. "పిల్లకాయలు ఉత్త మొద్దులు. పడవలు బాగుచేసేవాళ్ళ కూతుళ్ళు నాకు సైన్సు చెప్తున్నారు."

జబీనా తలెత్తి చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యెత్తింది.

"సార్, ఇవన్నీ గూడా రాయాలా?"

"ప్రతి అక్షరం రాయాల. కామా పోయినా ఊరుకోను," అన్నాడు ఫ్రెడ్డీ ఫోన్లోంచి కళ్ళు తీయకుండా.

రెండో బెంచీ పిల్ల శ్రద్ధగా మూడు గుండ్రటి మొహాలు గీస్తోంది. చంద్రుడి దశలు కాబోలనుకున్నాడు.

గదిలో పెన్నుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఇంత క్రమశిక్షణ అతను ఎక్కడా చూడలేదు. కాకపోతే అయిదు లైన్లకి అరగంటా? పేజీలు కూడా తిప్పుతున్నారు. పెద్ద పెద్ద అక్షరాలు రాసే రకం, ఏం చేస్తాం. ఇంకో మెసేజీ కొట్టాడు.

"ఒరేయ్ తహీర్, ఆ బట్టతల విజయభాస్కర్ గాడు ఇంకా రాలా. ఫోన్ ఎత్తడం రానోడు, నాకు మార్కులేస్తాడంట."

బయట స్కూటర్ ఆగిన చప్పుడైంది. ఫ్రెడ్డీ చటుక్కున ముఖ్యాంశాలు తెరిచి ఫోన్ బల్ల మీద పెట్టాడు.

విజయభాస్కర్ వెనక బెంచీలో కూర్చున్నాడు. ఫ్రెడ్డీ ప్రశ్నలడిగాడు, పిల్లలు జవాబులు చెప్పారు. పది నిమిషాల్లో అతని చూపు ఒక్కసారి కూడా టీవీ వైపు మళ్ళలేదు.

"పర్లేదే," అన్నాడు విజయభాస్కర్ మార్కుల షీటు తీస్తూ. "ఈసారి పిల్లల మొహాలు చూస్తున్నావు. నోట్సు రాయించినావా?"

"ప్రతి అక్షరం సార్," అన్నాడు ఫ్రెడ్డీ గర్వంగా. "లేమ్మా జబీనా, సార్‌కి చదివి వినిపించు."

"మొదటి పేజీ అందరూ బాగానే రాయిస్తారులే. ఆఖరి పేజీ చదువమ్మా," అన్నాడు విజయభాస్కర్ పెన్ను మూత తీసి.

అయిదు లైన్లకి ఆఖరి పేజీ ఎక్కడిదని ఫ్రెడ్డీ అనుకునేలోపే జబీనా లేచి, నోట్సు రెండు చేతులా పట్టుకుని, కామా దగ్గర బుద్ధిగా ఆగుతూ గట్టిగా చదివింది: "ఒరేయ్ తహీర్, ఆ బట్టతల విజయభాస్కర్ గాడు ఇంకా రాలా."